ఇంజనీరింగు విద్యార్థినుల సంఘశాఖలు

ప్రతి సంవత్సరమును కళాశాలలు తెరచు దినములలో మన జిల్లాల తండ్రు లనేకులు కుమార్తెలను వెంటబెట్టుకొని ఇంజనీరింగు కళాశాలల ద్వారముల కడ నిలిచియుండుట మన మెరిగినదే. వారిలో ఒకరు ఎకరము పొలము విక్రయించి వచ్చియుందురు. మరియొకరు బ్యాంకులో ఋణము తెచ్చియుందురు. నలువది యేండ్ల క్రిందట ఈ దృశ్యము అరుదు, నేడది సర్వసాధారణము. తెలుగు రాష్ట్రములు రెండింటను వృత్తివిద్యా కళాశాలలలో మూడవ వంతు స్థానములు బాలికలకు ప్రత్యేకింపబడి యున్నవి. హైదరాబాదు నగరమున 1997లో జి. నారాయణమ్మ పేరిట స్త్రీలకే ఒక ఇంజనీరింగు కళాశాల వెలసినది. ఐ.ఐ.టి.లలో 2018 మొదలుకొని బాలికల కొరకు అదనపు స్థానము లేర్పరచి, 2020 నాటికి నూటికి 20 మంది బాలిక లుండునట్లు నిర్ణయించిరి. కావున ద్వారము మూయబడి యున్నదని ఇక నెవ్వరును వాదింపజాలరు.

ద్వారము దాటిన పిమ్మట ఆ బాలికల గతి యేమి? ఇదియే నేటి ప్రశ్న. పట్టము పొందువారు పెక్కుమంది. ఆ వృత్తిలో నిలిచి, పదిమందిపై అధికారము వహించు స్థాయికి చేరువారు కొలదిమంది. మన పాఠకులలో వ్యవసాయ మెరిగినవారే అధికులు గనుక వారికి దీనిని వివరింప నక్కరలేదు. నారుమడిలో నారు పచ్చగా నున్నంత మాత్రమున గాదె నిండదు. నారు పెరికి పొలమున నాటిన తరువాత అది వేరూని మూనతిరుగు వరకును రైతు కన్ను దానిపై నుండవలెను. మన బాలికల విద్యలో ఆ నడిమి కాలమునే మనము ఉపేక్షించుచున్నాము. ఆ కొరతను తీర్చగల సాధనములలో ఒకటి స్త్రీ ఇంజనీర్ల వృత్తిసంఘములు కళాశాలలలో నడుపు విద్యార్థినీ శాఖ. దాని ప్రయోజనమును మనవారింకను గుర్తింపలేదని మా యభిప్రాయము.

ఈ విషయమున మన తెలుగు కుటుంబమొకటి చూపిన దారి స్మరింపదగి యున్నది. ప్రొఫెసర్ పప్పు సుబ్బారావుగారు చెన్నపట్టణమందలి గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులుగా నుండిరి. వారి కుమార్తె లలితకు పదునైదవ యేట వివాహమయ్యెను. 1937లో కుమార్తె కలిగిన నాలుగు నెలలకే భర్త మరణించెను. బిడ్డ తల్లియైన ఆ వితంతు యువతి చదువుకొనగోరగా తండ్రి ఆమెను గిండీలో చేర్ప సంకల్పించెను. ప్రిన్సిపాలు కె. సి. చాకోగారును, విద్యాశాఖాధికారి స్టాథము దొరగారును అంగీకరించుటచే 1940లో ఆమెకు ప్రవేశము లభించెను. అంతకు ముందా కళాశాలలో ఒక్క స్త్రీయైన లేదు. వందలాది పురుషుల నడుమ ఆమె యొక్కతెయే.

అప్పుడా తండ్రి చేసిన పని విశేషమైనది. బాలికలకు ప్రవేశము కలదని ప్రకటన వెలువడునట్లు ఆయన పాటుపడెను. దాని ఫలితముగా పి. కె. త్రేస్యా, లీలమ్మ జార్జి అను నిరువురు బాలికలు సివిల్ శాఖలో చేరిరి. మువ్వురును పట్టభద్రులైరి. ఆ పట్టములపై ముద్రితమైయున్న “అతడు” అను మాటను కొట్టివేసి “ఆమె” యని వ్రాయవలసి వచ్చెను! లలితగారు పిమ్మట కలకత్తాలో విద్యుత్పరికరముల కంపెనీలో పనిచేయుచు భాక్రానంగల్ విద్యుత్పథకమునకు సంబంధించిన కార్యములు నిర్వహించిరి. త్రేస్యాగారు 1971లో కేరళ పబ్లిక్ వర్క్సు శాఖకు ఛీఫ్ ఇంజనీరైరి. తన కుమార్తెకు స్థానము సంపాదించుటతో తండ్రి తృప్తిపడలేదు. ఆమెకు తోడును గూడ సంపాదించెను. విద్యార్థినీ శాఖ యనగా ఇదియే. నాడు తండ్రి యొకడు చేసిన పనిని నేడొక సంస్థ ఏటేట తప్పక చేయుట.

ఇట్టి శాఖల చరిత్రమును జూడవలెనన్న అమెరికా దేశమున కేగవలెను. అచ్చట మిచిగన్ విశ్వవిద్యాలయమున 1914లోనే ఇంజనీరింగు, వాస్తుశాస్త్రము చదువు బాలికలు టీ-స్క్వేర్ సొసైటీ యను సంఘమును స్థాపించుకొనిరి. 1919లో కొలరాడో విశ్వవిద్యాలయ విద్యార్థినులు లూ ఆల్టా మెల్టన్, హిల్డా కౌంట్స్ అనువారు దేశవ్యాప్తమైన సంఘము నొకదానిని నెలకొల్ప సంకల్పించి, మీ కడ స్త్రీ లెవరైన చదువుచున్నారా యని ఇంజనీరింగు విద్యాలయములకు లేఖలు వ్రాసిరి. లేరని బదులు చెప్పిన విద్యాలయములు అనేకములు. ఆ ప్రయత్నము నిలువలేదు. అదే సంవత్సరమున లండనులో స్థాపితమైన స్త్రీ ఇంజనీర్ల సంఘము మాత్రము నేటికిని నడచుచున్నది. అమెరికాలో మరల రెండవ ప్రపంచయుద్ధము వచ్చి, కర్మాగారములలో స్త్రీల యవసరము కలుగువరకును వేచియుండవలసి వచ్చెను. యుద్ధానంతరము ఫిలడెల్ఫియా, న్యూయార్కు, బోస్టన్, వాషింగ్టన్ నగరములలో చిన్న చిన్న కూటములు పుట్టెను. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విద్యార్థినులును వీనికి తోడ్పడిరి. ఈ కూటములన్నియు 1950 మే నెలలో న్యూజెర్సీయందు సమావేశమై “సొసైటీ ఆఫ్ ఉమెన్ ఇంజనీర్స్” అను సంఘముగా నేర్పడెను. 1942లో వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా చేరియుండిన బియాట్రిస్ హిక్స్ దానికి ప్రథమాధ్యక్షురాలు.

ఈ చరిత్రమునుండి గ్రహింపదగిన నీతి స్పష్టముగా నున్నది. 1919 నాటి విద్యార్థినులకు ఉత్సాహము కలదు. వెనుక నిలిచి చేయూత నిచ్చు పెద్దలు లేరు. 1950లో వృత్తియందున్న స్త్రీలును, చదువుకొను బాలికలును ఒక్క పందిరి క్రిందికి వచ్చిరి. అందుచేతనే ఆ సంఘము నిలిచినది. నేడా సంఘపు విద్యార్థినీ శాఖలు అమెరికా విశ్వవిద్యాలయములలో వందలకొలది కలవు. శాఖకు ఎన్నికైన కార్యవర్గమును, కళాశాల పక్షమున ఒక అధ్యాపక సలహాదారును, వృత్తిలో అనుభవము గడించిన సభ్యురాలొకతె మార్గదర్శినిగాను ఉండుట అచ్చటి పద్ధతి. శాఖ నడపువారు బాలికలే. తప్పుదారి పట్టకుండ చూచువారు పెద్దలు.

ఆ సంఘమునకును మనకును సంబంధము లేదని తలంపరాదు. 1964 జూన్ నెలలో న్యూయార్కు నగరమున ఆ సంఘము ప్రథమ అంతర్జాతీయ స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభను జరిపినప్పుడు మన లలితగారు దాని కేగిరి. మరుసటి సంవత్సరము లండను సంఘము ఆమెను పూర్ణ సభ్యురాలిగా చేర్చుకొనెను. గిండీలో తోడు కొరకు ఎదురుచూచిన బాలిక పాతికేండ్లకు దేశదేశముల స్త్రీ ఇంజనీర్ల నడుమ కూర్చుండెను. ఇప్పుడా అమెరికా సంఘము భారతదేశమునకును తన కార్యమును విస్తరింపజేసినది. ఐ.ఇ.ఇ.ఇ. యను అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ వారి స్త్రీవిభాగమునకు మన తెలుగు కళాశాలలలోను శాఖలు కలవు. కావున శాఖలు లేవని విచారింప పనిలేదు. అవి ఎట్లు నడచుచున్నవి యనునదే విచారింపవలసినది.

ఇచ్చట నిష్ఠురమైనను నిజము చెప్పవలసియున్నది. ఆంధ్రులు ఆరంభశూరులను అపవాదు మనకు పూర్వమునుండియు కలదు. మన కళాశాలలలోని శాఖలు పెక్కింటి చరిత్రము ఆ యపవాదును బలపరచుచున్నది. మొదటి సంవత్సరము ప్రారంభోత్సవము, జ్యోతి ప్రజ్వలనము, పుష్పగుచ్ఛములు, దుశ్శాలువలు, ఛాయాచిత్రములు. రెండవ సంవత్సరము మార్చి 8వ తేదీన ఒక ఉపన్యాసము, ముగ్గుల పోటీ. స్థాపించిన బాలికలు పట్టములు గైకొని వెడలిపోవుటతో మూడవ సంవత్సరము శాఖ పేరు ప్రకటన ఫలకముపై మాత్రమే మిగులును. ముగ్గుల యందు మాకు ద్వేషము లేదు. కాని ముగ్గులు వేయుట నేర్పుటకు ఇంజనీరింగు సంఘ మక్కరలేదు. ఇంటనే నేర్చి వచ్చియున్నారు.

అయినచో శాఖ యెట్లు నడువవలెను? విద్యార్థి జీవితము నాలుగేండ్లది. ఆ కారణముననే విద్యార్థి సంస్థకు మరణభయ మెక్కువ. దీనికి మందు వారసత్వపు టేర్పాటు. చివరి పరీక్షలు ముగిసి అందరును మూటలు కట్టుకొనునప్పుడు గాక, అంతకు మూడు నెలలు ముందే క్రొత్త కార్యవర్గము నెన్నుకొని, పాతవారి ప్రక్కన పని నేర్పవలెను. ప్రతి పదవికిని రెండవ సంవత్సరపు బాలిక యొకతె ఉపపదవిలో నుండవలెను. ఏ కర్మాగారమునకు ఎవరి పేర వ్రాసితిమి, ఎవ్వరు సమ్మతించిరి, ఎవ్వరు నిరాకరించిరి, బస్సుకెంత వ్యయమయ్యెను అను వివరములను ఒక పుస్తకమున వ్రాసి తరువాతివారి చేత బెట్టవలెను. ఆ పుస్తకము కరణము లెక్కవలె ఖచ్చితముగా నుండవలెను. చందా స్వల్పముగా నున్నను, పైసాకు లెక్క చూపవలెను.

కార్యక్రమములు తక్కువయైనను గట్టివి కావలెను. పెక్కు కళాశాలలలో లేతు యంత్రము పట్టువాడు బాలుడు, నోటుపుస్తకమున వ్రాయునది బాలిక! ఈ విభజన ఎవ్వరు శాసించిరో తెలియదు. శాఖ నెలకొకమారైనను బాలికల చేతులతో వెల్డింగు చేయించి, మోటారు విప్పించి మరల బిగింపజేసినచో పది యుపన్యాసముల కన్న మేలు. నాగార్జునసాగరపు విద్యుత్కేంద్రమును, రామగుండపు థర్మల్ కేంద్రమును, విశాఖ ఉక్కు కర్మాగారమును చూపించి, అచ్చట పనిచేయు స్త్రీలతో మాటలాడింపవలెను. పూర్వ విద్యార్థినుల చిరునామాలు సేకరించి, వారిని ఏటి కొకమారు రప్పించి, ఉద్యోగమున రాత్రి విధులు, బదిలీలు, వివాహము, ప్రసవము మొదలగు చిక్కులను వారెట్లు దాటిరో నిస్సంకోచముగా చెప్పింపవలెను. సమీపమందలి జిల్లా పరిషత్తు పాఠశాలలకు వెళ్లి, తొమ్మిదవ, పదవ తరగతుల బాలికలకు గణితమనిన భయము పోగొట్టవలెను.

ఈ పనులలో బాలిక నేర్చుకొనునది యంత్రవిద్య మాత్రమే కాదు. ఇరువదివేల రూపాయల జమాఖర్చు నిర్వహించిన కోశాధికారిణి రేపు కోట్ల రూపాయల అంచనాపై సంతకము చేయుటకు జంకదు. సూపరింటెండింగు ఇంజనీరు గారికి లేఖ వ్రాసి, నిరాకరణము పొంది, మరల వ్రాసి సాధించిన కార్యదర్శిని పదవీచర్చలలో తలవంచుకొని కూర్చుండదు. ఇట్టి అభ్యాసము పాఠ్యగ్రంథములలో లభింపదు.

స్త్రీలకు వేరుగా సంఘ మేల, ఇంజనీరు అందరికిని ఇంజనీరే కదా యని కొంద రాక్షేపింతురు. ఈ యాక్షేపణలో కొంత న్యాయము కలదు. శాఖ ఒక కోటగా మారి, బాలికలు తమలో తామే మాటలాడుకొనుటతో సరిపెట్టుకొన్నచో నష్టమే. అమెరికా సంఘము సైతము 1976లో పురుషులకు సభ్యత్వ మొసంగినది. మన శాఖలును సభలకు బాలురను పిలువవచ్చును, పిలువవలెను. కాని అరువదిమంది తరగతిలో ఆరుగురు బాలికలున్న యంత్రశాస్త్ర శాఖలో, సందేహ మడుగుటకైన సంకోచించు బాలికకు మొదట ఒక చోటు కావలెను. ఈత వచ్చిన తరువాత ఏటిలో దిగవచ్చును. నేర్చునప్పుడు దరి దగ్గర నుండవలెను.

కళాశాలల యాజమాన్యములకును, తండ్రులకును ఒక మాట. పలుచోట్ల బాలుర వసతిగృహముల తలుపులు రాత్రి వరకు తెరచియుండగా బాలికల తలుపులు సంధ్యవేళకే మూయుచున్నారు. బాలురకు ప్రయోగశాల రాత్రి తొమ్మిది వరకును అందుబాటున నుండును. అదే రుసుము చెల్లించిన బాలికకు ఆరుతో సరి. రక్షణ కొరకని చెప్పుదురు. రక్షణ కావలసినదే, అది దీపములచే, కాపలాచే, బస్సులచే కల్పింపబడవలెను గాని తాళముచే గాదు. శాఖవారు ఈ విషయము అడిగినప్పుడు యాజమాన్యము అవిధేయతగా నెంచక, పరిష్కారము వెదకవలెను. సలహాదారుగా నుండు అధ్యాపకురాలికి బోధనభారము కొంత తగ్గింపవలెను. లేనిచో ఆ పదవి పేరునకే మిగులును.

తండ్రులారా! కర్మాగార సందర్శనమునకు పంపుటకు సమ్మతిపత్రము వచ్చినప్పుడు మీలో కొందరు సంతకము చేయుట లేదు. “పిల్ల చదువుకొనుటకు వెళ్లినది గాని ఊళ్లు తిరుగుటకు గాదు” అనుచున్నారు. పొలము చూడని రైతు పంట నెరుగునా? కర్మాగారము చూడని ఇంజనీరు వృత్తి నెరుగునా? సంబంధము కుదురువరకు చెప్పుకొనుటకు ఒక డిగ్రీ యున్న చాలునని మీరు తలంచినచో ఎకర మమ్మి చదివింప నక్కరలేదు. ఆమె ఇంజనీరు కావలెనని నిజముగా కోరినచో ఆ పత్రముపై సంతకము చేయుడు. సాధ్యమైనచో శాఖ వార్షికసభకు మీరే వెళ్లి, వెనుక వరుసలో కూర్చుండి, మీ కుమార్తె సభను నడపుట కన్నులార చూడుడు.

గిండీ కళాశాలలో 1940లో ఒక తండ్రి తన కుమార్తెకు తోడు వెదకెను. నేడు తోడు వెదకనక్కరలేదు. బాలికలు వేలకొలది యున్నారు. వారిని కూర్చి, నిలిపి, వృత్తిలో అడుగు పెట్టువరకు నడపు ఏర్పాటు మాత్రమే కావలసియున్నది. అది పెద్ద ధనవ్యయముతో కూడినది కాదు. ఒక గది, ఒక లెక్కపుస్తకము, శ్రద్ధగల ఒక అధ్యాపకురాలు, ఏటేట విడువని పూనిక. ఇవి యున్న చాలును. ఈ విద్యాసంవత్సరము ముగియకముందే ప్రతి ఇంజనీరింగు కళాశాలయును తన శాఖ బ్రతికియున్నదా యని ఒకమారు పరీక్షించి చూచుకొనుగాక!