రక్తపుపోటు మాత్రలును, కడుపునొప్పియు

ఈ స్తంభమున మేము తఱచుగా బడులను గూర్చియు, తెలుగు వాచకములను గూర్చియు, ఉపాధ్యాయుల నియామకములను గూర్చియు వ్రాయుచుందుము. ఈ వారము మాత్రలను గూర్చి వ్రాయవలసి వచ్చినది. పెద్దలున్న మన యిండ్లలో రక్తపుపోటు మాత్రల అట్ట లేని అలమారు అరుదు గదా!

ఇటీవల మన సభ్యుల కుటుంబమొకదానిలో డెబ్బది యేండ్ల పెద్దమ్మగారికి పైకడుపున నొప్పి యారంభమైనది. వాయువనుకొని వాము నమిలించిరి, సోడా త్రాగించిరి. నొప్పి వీపులోనికి ప్రాకినది. ఆమె వెల్లకిల పరుండలేకపోయెను. ముందుకు వంగి కూర్చుండినచో కొంత ఉపశమనము కలుగుచుండెను. వాంతులు ఆగలేదు. రెండవనాటి రాత్రి ఆసుపత్రికి కొనిపోగా, వైద్యుడు ఏ మందులు వాడుచున్నారని అడిగెను. “ప్రెషరు మాత్ర” యనిరి. ఏ ప్రెషరు మాత్రయని అడుగగా, “తెల్లనిది, చిన్నది” యనిరి. ఇంటినుండి అట్ట తెప్పించిరి గాని, అంగడివాడు కత్తిరించి యిచ్చిన నాలుగు మాత్రల ముక్కపై మందు పేరు లేదు. పేరు తెలియుటకు మఱియొక పూట పట్టినది. పిత్తాశయమున రాళ్లు లేవని స్కానులో తేలినపిదప అనుమానము మాత్రపైకి పోయినది, దానిని మార్చిరి. ఆమె కోలుకొనినది.

ఆ జబ్బు పేరు పాంక్రియటైటిస్. అనగా క్లోమము వాచుట. క్లోమము జీర్ణాశయము వెనుక అడ్డముగా నుండు గ్రంథి. ఆహారమును జీర్ణింపజేయు రసములను ప్రేగులోనికి పంపుటయు, ఇన్సులినును రక్తములోనికి విడుచుటయు దాని పని. ఆ రసములు ప్రేగును చేరకమునుపే గ్రంథిలో పనిచేయ నారంభించినచో, గ్రంథినే జీర్ణము చేయును. రక్తమున లైపేజు, అమైలేజు అనువాని పరిమాణము సాధారణపు హద్దుకు మూడింతలు మించినచో అనుమానము బలపడును. ఈ జబ్బు హెచ్చుభాగము పిత్తాశయపు రాళ్లవలననో, మద్యపానమువలననో వచ్చును. అన్నివిధముల మందులవలనను వచ్చునది నూటికి ఐదింటికి లోపేయని వైద్యుల అంచనా. అందును రక్తపుపోటు మందుల వాటా కొంచెమే.

ఐనను ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. క్లోరోథయజైడు అను మూత్రవర్ధక ఔషధము 1950 తరువాతి దశకమున వాడుకలోనికి రాగా, దానిని పుచ్చుకొనువారిలో క్లోమము వాచిన ఉదంతములు 1959లోనే అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటితమైనవి. ఆ జాతివైన హైడ్రోక్లోరోథయజైడు, క్లోర్థాలిడోను నేటికిని విరివిగా వాడబడుచున్నవి. మాత్ర పేరు చివర ‘ఎచ్’ అను అక్షరమున్నచో, అసలు మందుతో హైడ్రోక్లోరోథయజైడు కలిసియున్నదని తఱచుగా అర్థము. ఒక మందు మ్రింగుచున్నామనుకొనువారు రెండు మ్రింగుచుందురన్నమాట! ఎనలాప్రిల్, లిసినోప్రిల్ మొదలగు ‘ప్రిల్’ మందుల విషయమునను ఇట్టి ఉదంతములు కలవు. గర్భిణుల రక్తపుపోటుకు ఇచ్చు మిథైల్‌డోపా, నీరు తీయుటకిచ్చు ఫ్యూరోసిమైడు, ఎనలాప్రిల్ — ఈ మూడింటియందును, మందు మాన్పగా తగ్గి, మరల ఇయ్యగా నొప్పి తిరిగి వచ్చిన సందర్భములు నమోదైనవి. ఇంతకంటె గట్టి సాక్ష్యము ఇట్టి విషయములలో దొరకుట కష్టము. థయజైడులు రక్తమున కాల్షియమును, ట్రైగ్లిసరైడు అను కొవ్వును పెంచుట ఒక కారణమందురు. ‘ప్రిల్’ మందులు క్లోమనాళమును వాచునట్లు చేసి రసమునకు అడ్డుపడునని మఱియొక ఊహ.

ఇది చదివి మాత్రలను చెత్తబుట్టలో వేయువారుందురేమోయని మా భయము. అట్లు చేయరాదు. పోటు అదుపు తప్పినచో వచ్చు పక్షవాతము, గుండెపోటు, మూత్రపిండముల చేటు, క్లోమపు వాపుకంటె ఎన్నో రెట్లు సామాన్యములు. క్లోనిడిను, ప్రొప్రనొలోలు, అటెనొలోలు వంటివానిని ఉన్నట్టుండి మానుట మఱియు ప్రమాదము. మందును మాన్పవలసినది వైద్యుడు. ప్రక్కింటి బంధువు గాదు, ఈ పత్రికయు గాదు. మనము చేయవలసినది వేరు. పైకడుపున తీవ్రమైన నొప్పి వీపులోనికి ప్రాకి, వాంతులతో గూడి తగ్గకున్నచో, వాముతో తెల్లవార్చక వెంటనే ఆసుపత్రికి పోవలెను. గుండెపోటుకూడ ఒక్కొక్కప్పుడు అట్టి నొప్పితోనే వచ్చునుగదా.

మనవారికి స్థానికభాష రాదని కాదు. మధురలో తమిళము, బళ్లారిలో కన్నడము, బరంపురమున ఒడియా, షోలాపురమున మరాఠీ మనవారు ఇంటిభాషవలె మాటలాడుదురు. చిక్కు అవయవము పేరుతోనే వచ్చుచున్నది. తమిళుల కణైయము, కన్నడిగుల మేదోజీరక గ్రంథి, ఒడియావారి అగ్న్యాశయము, మరాఠీవారి స్వాదుపిండము, మన క్లోమము — అన్నియు ఒక్కటే. వైద్యుడు చెప్పిన మాట ఇంటనున్న పెద్దలకు చేరునప్పటికి “కడుపులో ఏదో” యగుచున్నది. యానామువారికి మాత్రము ఈ బెడద లేదు!

కావున ప్రతి గృహమునను ఒక చీటి వ్రాసి, మాత్రల డబ్బాలో నుంచవలెనని మా కోరిక. కంపెనీ పెట్టిన పేరే గాక మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, ఏనాటినుండి వాడుచున్నారో, ఆ రాష్ట్రపు భాషలోను, ఇంగ్లీషులోను పెద్ద అక్షరములతో వ్రాయవలెను. అట్టను కత్తిరించునప్పుడు పేరున్న ముక్కను తమకే ఇమ్మని అంగడివానిని అడుగుటకు మొగమాటపడనక్కఱలేదు.

మఱియొక సంగతి. మందులవలన కలిగిన చెఱుపును తెలుపుటకు 2010లో కేంద్రప్రభుత్వము ఒక పథకము నేర్పరచినది. దాని కేంద్రము ఘాజియాబాదులోని భారత ఔషధకోశ సంఘమున కలదు. 1800-180-3024 అను సంఖ్యకు ఎవరైనను వెల లేకుండ ఫోను చేయవచ్చును. రోగులే స్వయముగా నింపదగిన పత్రము తెలుగులోను ముద్రితమైయున్నది. మన రాష్ట్రములలోని పెద్దలకు ఈ సంగతి తెలియదు. ఆ పత్రముల ప్రతులను తెప్పించి, ప్రతి శాఖా కార్యాలయమునను ఉంచవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాము.