ఆరోగ్యము: దాచుకొనదగని బాధ

ప్రతిమాసమును ఈ పుటలో ఇంటివారి ఆరోగ్యమును గూర్చి ముచ్చటించుచున్నాము. ఈ మాసపు విషయము స్త్రీలు నలుగురిలో చెప్పుకొన సిగ్గుపడునట్టిది. అందుచేతనే వ్రాయవలసి వచ్చినది.

మెదకు పట్టణమున మాకు తెలిసిన యొక యింట పెద్దావిడ కలదు. మంజీర యేడు పాయలుగా చీలుచోట జరుగు శివరాత్రి జాతరకు ఏటేట కోడండ్రను వెంటబెట్టుకొని పోయెడి యామె, రెండేండ్లు గడప దాటుట మానినది. మోకాళ్ల నొప్పులని చెప్పెడిది. నీళ్లు త్రాగుటయు తగ్గించినది. ఒకనాడు కోడలు ఉతుకుబట్టలు చూచినపుడు గాని నిజము బయటపడలేదు. ఆమెకు తెలియకుండగనే మూత్రము జారుచుండెను.

"అత్తమ్మా! నాతో నేల చెప్పలేదు?" అని కోడలడిగెను.

"ఏమని చెప్పుదును బిడ్డా! ముసలితనము కదా" అని యామె కన్నీరు పెట్టుకొనెను.

అది ముసలితనము కాదు. ఆమెకు 16 ఏండ్లుగా చక్కెరవ్యాధి యున్నది. మూత్రాశయము కండరముతో నైన సంచి. సాధారణముగా 400 మొదలు 500 మిల్లీలీటర్ల వరకు పట్టును. అది నిండుచున్న సంగతిని నరములు వెన్నుపాము ద్వారా మెదడునకు తెలుపును. విడువుమను నాజ్ఞయు ఆ త్రోవనే దిగివచ్చును. రక్తమున చక్కెర చిరకాలము హెచ్చుగా నున్నచో ఆ నరములు చెడును. అప్పుడు నిండినది తెలియదు, పూర్తిగా వెడలదు. నిండిన కుండ పొర్లినట్లు కొంచెము కొంచెముగా జారును. పక్షవాతము వచ్చినవారిలోను, వెన్నుపాము దెబ్బతిన్నవారిలోను తరచు మఱియొక విధము కానవచ్చును: కొంచెము నిండగనే సంచి ముడుచుకొని, ఆపుకొన శక్యము కాదు. తడిసిన బట్ట యొక్కటే. కారణములు వేఱు, చికిత్సలు వేఱు. ఒకరికి మేలుచేసిన మందు మఱియొకరికి మూత్రము బంధింపవచ్చును. కావున అంగడిలో నడిగి మందు కొనరాదు.

నీరు మానుట వలన మేలు లేదు. లోపల నిలిచిన మూత్రము చెడి జ్వరము తెచ్చును. ఒత్తిడి పైకెక్కి మూత్రపిండములను పాడుచేయును. ముందుగా సర్కారు దవాఖానకు పోయి మూత్రమును, రక్తమున చక్కెరను పరీక్ష చేయింపుడు. విడిచిన పిదప లోపలెంత మిగిలినదో స్కానింగు చూపును. అవసరమైనచో హైదరాబాదులోని నిమ్సు వంటి పెద్ద ఆసుపత్రులలో ఈ విషయపు నిపుణులు కలరు.

చక్కెర నదుపులో నుంచుట, డాక్టరు చెప్పిన వేళకు తోచినను తోచకున్నను లేచి పోవుట మొదటి చికిత్స. చాలనిచో సన్నని గొట్టముతో రోజుకు కొన్నిమార్లు ఖాళీ చేసికొనవచ్చును. చేతులు శుభ్రముగా కడిగికొని రోగియే స్వయముగా చేసికొనవచ్చునని 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడీస్ చూపెను. ముందు నర్సు వద్ద నేర్చుకొనవలెను.

ఒక హెచ్చరిక. కూర్చుండు భాగమున తిమ్మిరి, కాళ్లలో బలహీనత, మూత్రబంధము హఠాత్తుగా కలిగినచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

ఆ పెద్దావిడకు పూర్తిగా నయమైనదని మేము చెప్పము. గడియారము చూచి లేచును, గొట్టము వాడుకొనును. కాని మొన్నటి శివరాత్రికి జాతర చూచి వచ్చినది. మీ యింటి పెద్దలను ఏకాంతమున, మృదువుగా నొకమాఱు అడుగుడు. వారంతట వారు చెప్పరు.