చేతితో కట్టిన రైలుదారి

బొమ్మలు చేయుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. సంక్రాంతికిని, దసరాకును బొమ్మలకొలువు తీర్చు ఇండ్లలో ఒక మెట్టుపై దేవతలు, మరియొక మెట్టుపై పెండ్లివారు, క్రింద మన్నుపోసి మొలకెత్తించిన చేను, అద్దపుముక్కతో చేసిన చెరువు కానవచ్చును. కొండపల్లి పనివారు తేలికయైన పొణికి కఱ్ఱతో దేవతామూర్తులనే కాక, పల్లెలలో పనిపాటలు చేసికొను స్త్రీపురుషుల బొమ్మలను గూడ చేయుదురు. కన్నులార చూచిన లోకమును చిన్నదిగా చేసి ఇంటిలో నిలుపుకొనవలెనను కోరిక మనకు చాల పాతది.

ఆ కోరిక రైలుబండిపైకి మరలినచో బొమ్మరైలుదారి పుట్టును. పట్టాలు, వంతెనలు, సొరంగములు, స్టేషను, ఊరు, కొండ అన్నియు కొలత తప్పక చిన్నవిగా చేసి, ఒక బల్లపై అమర్చుట ఈ విద్య. ఇది ఆటయే, కాని ఆటతో ఆగిపోవునది కాదు. తన కుటుంబము నడచివచ్చిన దారిని చేతులతో చదువుకొను విధానమిది. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల బాలబాలికలు దీనిని చేపట్టవలెననియు, ఆలస్యము చేయక చేపట్టవలెననియు నా అభిప్రాయము. అందులకు కారణములను చెప్పెదను.

గుంటూరు నుండి పడమటికి బయలుదేరిన రైలు నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభము, గిద్దలూరు మీదుగా దిగువమెట్ట చేరును. అచ్చట నల్లమల కొండలలో ప్రవేశించి, వానిని దాటి నంద్యాలకు పోవును. ఈ మార్గమును 19వ శతాబ్దపు చివరి భాగమున వేసిరి. 1876-78 సంవత్సరముల ఘోరమైన కరవులో దక్షిణ భారతమున లక్షలకొలది జనులు మరణించిరి. కరవు సీమలకు ధాన్యము వేగముగా చేరుటకు రైలుదారులు కావలెనని అప్పటి ప్రభుత్వమునకు తోచెను. 1882లో దక్షిణ మహారాష్ట్ర రైల్వే ఏర్పడుటకు ఇదియొక ముఖ్య కారణము. అందుచేత మన ఊళ్ళ ప్రక్కగా సాగు ఈ పట్టాలకు ఆకలితో సంబంధము కలదు. ఈ విషయమును ఎందరో ఆ బండినెక్కుచునే ఎఱుగరు.

ఆనాడు వేసినది మీటరుగేజి దారి. అనగా రెండు పట్టాల నడుమ దూరము సరిగా ఒక మీటరు. ఖర్చు తక్కువ, మలుపులు తిప్పుట సులభము. కొండలలో దారి వేయువారికి ఈ రెండును మేలే. కాని దేశములో ముఖ్యమైన మార్గములు పెద్దవి. వాని వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ఒక వెడల్పు దారి ముగిసి మరియొక వెడల్పు దారి మొదలైన చోట సరకును ఒక పెట్టె నుండి మరియొక పెట్టెకు కూలీలు మోసి నింపవలసియుండెను. ప్రయాణికులు మూటాముల్లెతో బండి మారవలసియుండెను. ఈ చిక్కును తొలగించుటకై 1992లో రైల్వేవారు దేశమంతటను ఒకే వెడల్పు పట్టాలుంచు కార్యక్రమమును ఆరంభించిరి. ఆ దశాబ్దములోనే మన మార్గము కూడ పెద్దదారిగా మారినది.

ఈ మార్పు మేలే చేసినది. దానిని గూర్చి విచారింపవలసినది లేదు. కాని మార్పుతోపాటు కొన్ని వస్తువులు కనుమరుగైనవి. దిగువమెట్ట దాటిన పిదప నంద్యాల వైపు కనుమలలో దొరబావి వంతెన యను ఎత్తయిన వంతెన యుండెను. మీటరుగేజి బండ్లు నూరేండ్లకు పైగా దానిపై లోయను దాటినవి. పెద్దదారి వేఱొక త్రోవన పోయినందున రైళ్ళు ఆ వంతెనను విడిచినవి. దొనకొండలో ఆవిరి యంత్రములను నిలుపు షెడ్డు ఉండెడిది. దానిని నమ్ముకొని ఒక రైల్వే కాలనీయే ఏర్పడినది. వై.పి., వై.జి. అను తరగతుల ఆవిరి యంత్రములు దేశమందలి మీటరుగేజి దారులపై ప్రయాణికులను, సరకులను లాగినవి. నేడు వానిని చూడవలెనన్న 1977లో తెరచిన ఢిల్లీ రైలు మ్యూజియము వంటి చోట్లకు పోవలెను.

యంత్రము మ్యూజియమునకు చేరగలదు. కాని దానికి బొగ్గు వేసిన మనిషి జ్ఞాపకము ఏ మ్యూజియమునకు చేరును? పట్టాలు మారిన నాటికి ఇరువదియేండ్ల వయసున్నవారు నేడు ఏబది దాటినవారు. అంతకు పూర్వము పాయింట్సుమను, గ్యాంగుమను, గార్డు మొదలైన పనులు చేసినవారు వృద్ధులు. వారు మనయింటి అరుగుపైననే కూర్చుండియుందురు. అడిగినచో చెప్పుదురు, అడుగనిచో వారితోనే ఆ కథ ముగియును. ఆలస్యము కూడదనుటకు ఇదియే కారణము.

బాల్యస్మృతుల నుండి ఎంతటి పని పుట్టగలదో చూపుటకు రెండు ఉదాహరణములు చాలును. ఇంగ్లండులో విల్బర్ట్ ఆడ్రీ అను మతగురువు ఉండెను. ఆయన తండ్రికి రైళ్ళన్న మక్కువ. ఆ తండ్రి తన తోటలో బొమ్మరైలు నడిపినవాడు. బాలుడైన ఆడ్రీ బాక్స్ అను ఊరిలో, రైలుదారికి దగ్గరి ఇంటిలో పెరిగెను. రాత్రివేళ పడకపై పరుండి, ఎత్తు ఎక్కలేక రొప్పుచున్న యంత్రముల చప్పుడు వినుచు, అవి ఒకదానితో ఒకటి మాటలాడుచున్నవని ఊహించెను. తరువాత తన కుమారుడు జబ్బుపడి మంచముపై నున్నప్పుడు ఆ యంత్రముల కథలే చెప్పెను. అవి 1945లో పుస్తకముగా వెలువడి లోకమంతట వ్యాపించినవి. ఆయన స్వయముగా బొమ్మరైలుదారులను కూడ కట్టెను. తండ్రి, కొడుకు, మనుమడు అను మూడు తరములు ఒక రైలు చప్పుడుతో ముడిపడినవి. జర్మనీలో ఫ్రెడరిక్ బ్రౌన్ అనునాతడు 2000 సంవత్సరమున ఒక బొమ్మరైళ్ళ దుకాణమును చూచి తన చిన్ననాటి కోరికను జ్ఞప్తికి తెచ్చుకొనెను. ఆయనయు, కవల సోదరుడైన గెరిట్టును, మిత్రులును కలసి హాంబర్గు నగరమున 2001లో ఒక బొమ్మరైలు లోకమును ప్రారంభించిరి. అది ప్రపంచములోనే పెద్దదిగా పేరొందినది. మన దేశములో పూణే నగరమున జోషీగారు తన జీవితకాలపు అభిరుచితో నిర్మించిన చిన్నరైళ్ళ ప్రదర్శనశాల 1998 నుండి జనులను ఆకర్షించుచున్నది.

అవి ధనముతోను, విద్యుద్యంత్రములతోను చేసిన పనులు గదా, మావంటివారికి సాధ్యమగునా యని మీరు అడుగవచ్చును. సాధ్యమగును. మన దారి మీటరుగేజి యగుట మీ అదృష్టము. ఒక మీటరును ఒక సెంటిమీటరుగా తీసికొనుడు. అనగా ప్రతి వస్తువును నూరవ వంతు చేయుట. అప్పుడు పట్టాల నడుమ దూరము సరిగా ఒక సెంటిమీటరు అగును. మీటరుగేజిపై నడచిన ప్రయాణికుల పెట్టెలలో ఒక రకము పొడవు సుమారు 19న్నర మీటర్లు. మీ బల్లపై అది 19న్నర సెంటిమీటర్లు. ఒక మనిషి ఒకటిన్నర సెంటిమీటరుకు కొంచెము పైన. ప్రక్కనే నేటి పెద్దదారిని కూడ వేసినచో దాని వెడల్పు సుమారు 17 మిల్లీమీటర్లు అగును. రెండు దారులను ప్రక్కప్రక్కన చూచిన బాలునకు గేజి మార్పు అననేమో మరియొకరు చెప్పనక్కరలేదు.

సామగ్రి మన చుట్టుననే యున్నది. వెదురుపుల్లలు పట్టాలగును. అట్టపెట్టెలు రైలుపెట్టెలగును. నానవేసిన పాతకాగితముల ముద్ద నల్లమల కొండయగును. మార్కాపురపు పలక ఒకప్పుడు దేశములోని ఎన్నో బడులకు పోయి, అక్షరములు దిద్దించినది. ఆ పలకరాయి పొరలుగా విడివడును గనుక, పడియున్న చిన్న పెంకులు స్టేషను నేలకును, ఇంటి కప్పునకును సరిగా అమరును. కాని రాతిని మీరు కోయరాదు, నూరరాదు; ఆ ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హాని చేయును. బండిని నడుపుటకు విద్యుత్తు లేకున్నను వ్రేలితో త్రోయవచ్చును. విలువ మోటారులో లేదు, కొలతలో ఉన్నది.

ఈ కొలతయే మరియొక పాఠమును నేర్పును. చిన్నతనమున చూచిన వస్తువులు జ్ఞాపకములో పెరుగుచుండును. తాతగారి మాటలలో వంతెన ఆకాశమునంటును. సొరంగము తెల్లవారినను ముగియదు. బల్లపై కట్టబూనినప్పుడు వంతెన ఎత్తెంత, స్తంభములెన్ని, సొరంగము పొడవెంత యని తేల్చక తప్పదు. పాత చిత్రములు చూడవలెను, పటములు వెదకవలెను, ఇద్దరు ముగ్గురిని అడిగి పోల్చవలెను. ఇదియే చరిత్రకారుడు చేయు పని. అయినను జ్ఞాపకము వ్యర్థమని తలపరాదు. పటము వంతెన ఎత్తును చెప్పును. వంతెనపై బండి నెమ్మదించినప్పుడు పెట్టెలోని వారందఱు మాటలు మాని క్రిందికి చూచిరా, లేదా యని పటము చెప్పదు. కొలత జ్ఞాపకమును సరిదిద్దును. జ్ఞాపకము కొలతకు ప్రాణము పోయును. రెండును కావలెను.

ఇక ముఖ్యమైన మాట. బొమ్మరైలు కట్టువారు సాధారణముగా యంత్రమునకు మెఱుగుపెట్టి, మనుష్యులను మఱచుదురు. ఇది లోపము. పశ్చిమ ప్రకాశము వానలు తక్కువగా కురియు సీమ. పంటలు పండని యేడు ఇక్కడి కుటుంబములెన్నో మిరప, ప్రత్తి కోతలకై గుంటూరు ప్రాంతమునకు వలసపోవుచున్నవి. మూటలు నెత్తిపై పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని, పెట్టెలో నేలపై కూర్చుండి ప్రయాణము చేసిన తల్లులు మీ కుటుంబములోనే ఉండవచ్చును. మండుటెండలో పట్టాల వెంట నడచి, బిగువు సడలిన మేకులను కొట్టి బిగించిన గ్యాంగుమనులు ఉండవచ్చును. వారి బొమ్మలు లేని స్టేషను ఎంత అందముగా నున్నను అబద్ధపు స్టేషనే. కంభము చెరువు, మార్కాపురపు గోపురము చూపుడు, తప్పులేదు. కాని ప్లాట్‌ఫారముపై మూట ప్రక్కన కూర్చున్న ఒక స్త్రీని కూడ చూపుడు. ఆమె మీ నాయనమ్మ కావచ్చును.

ఈ పనికి కొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. పరీక్షలకు చదువవలసిన పిల్లలకు ఈ వినోదమేల యని కొందఱందురు. నూరవ వంతు తీయుట గణితము; నూరు సెంటిమీటర్లకు ఒక సెంటిమీటరు ఎత్తు పెంచుచు దారిని కొండపైకి తీసికొనిపోవుట భౌతికశాస్త్రము; గుండ్లకమ్మను, నల్లమలను తగిన చోట నుంచుట భూగోళము; తాతగారి మాటను వ్రాసికొనుట భాష. ఇన్ని చదువులను ఒక్క బల్లపై చూపు వినోదమును వలదనుట తగదు. పరపాలకులు తమ ప్రయోజనమునకై వేసిన దారిని మనము గౌరవించుట యేల యని మఱికొందఱు అందురు. దారి వేయవలెనని ఆజ్ఞ యిచ్చినవారు పరులు కావచ్చును. రాళ్ళు మోసినవారు, సొరంగము త్రవ్వినవారు పరులు కారు. వారి పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు. వారిని స్మరించుటకు మన చేతిపని ఒక మార్గము. చరవాణిలో తీసిన చిత్రములు చాలవా యని ఇంకొందఱు అడుగుదురు. చిత్రమును క్షణములో తీసి, క్షణములో మఱతుము. నెల దినములు కూర్చుండి కట్టిన వంతెనను జీవితమున మఱువము.

కావున బాలబాలికలారా! ముందుగా జిగురును, కత్తెరను వెదకకుడు. ఒక నోటుపుస్తకమును తీసికొనుడు. మీ యింటి పెద్దల యొద్ద కూర్చుండుడు. మొదట ఏ స్టేషనులో బండి ఎక్కితిరి? ఎందులకు ఎక్కితిరి? చేతిలో ఏమున్నది? ఎవరు సాగనంపిరి? ఏ ఊరికి పోయితిరి? ఈ ప్రశ్నలకు వచ్చు జవాబులను వారి మాటలలోనే వ్రాసికొనుడు. రైలు ఎక్కనివారు కూడ ఉందురు. చార్జీ లేక నడచిపోయినవారి కథ కూడ రైలు కథలో భాగమే. తరువాత మీ దారిలో ఒక్క స్టేషనును ఎన్నుకొనుడు. దారియంతయు కట్టుట అసాధ్యము. మన కొలతలో ఒక్క కిలోమీటరునకే పది మీటర్ల బల్ల కావలెను. ఒక స్టేషను, ఒక గేటు, ఒక వేపచెట్టు చాలును. తరగతిలో ఒక్కొక్క జట్టు ఒక్కొక్క స్టేషనును చేసినచో, దొనకొండ మొదలు దిగువమెట్ట వఱకు మీ బడి వరండాలోనే ఒక దారి ఏర్పడును.

పని ముగిసిన దినమున ఆ పెద్దలను బడికి పిలువుడు. వారి కన్నులు మొదట వెదకునది యంత్రమును కాదు. తాము నిలిచిన చోటును. అది బల్లపై కనబడినచో మీ శ్రమ ఫలించినట్లే. కనబడకున్నను విచారింపవలదు. ఎక్కడ ఏమి తప్పినదో వారే వ్రేలితో చూపి చెప్పుదురు. అప్పుడు మీరు నోటుపుస్తకమును మరల తెఱువుడు.