చాపకూడు గడ్డ మీద చూలాలి పస్తు

కారంపూడి వీరుల గుడికి ఏటా కార్తీకంలో జనం పోటెత్తుతారు. మందపోరు నాడు చాపకూడు తింటారు. కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన బ్రహ్మనాయుడి పేరు చెప్పి పల్నాడు మీసం మెలేస్తుంది. నాయకులు వస్తారు, ఫొటోలు దిగుతారు, పోతారు. మంచిదే. మరి అదే పల్నాటి మిరప చేలో, ఏడో నెల కడుపుతో వంగి కాయ కోస్తున్న ఆడబిడ్డకు చాప ఎక్కడ పరిచారు? కూడు ఎవరు పెట్టారు?

గురజాల దాటాక ఒక చేను గట్టు మీద ఆమెను చూశాను. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చిన ముఠా. మధ్యాహ్నం ఒంటిగంట. సత్తు గిన్నెలో అన్నం, ఇంత పచ్చడి. అంతే. అంగన్‌వాడీకి పోలేదా అమ్మా అంటే నవ్వింది. "మా ఊళ్లో పేరుంది సార్. ఈడ మేమెవురో ఎవురికి తెల్సు? పోయొచ్చేలోపల సగం దినం కూలి పోతాది." రెండు ముక్కల్లో ఆమె చెప్పిన సంగతి ఇన్నేళ్లుగా పాలకుల చెవికెక్కలేదు. ఎక్కలేదా, ఎక్కనట్టు నటించారా?

పేర్లు మారాయి, పళ్లెం మారలేదు

2013 జనవరి 1న ఇందిరమ్మ అమృతహస్తం అన్నారు. అంగన్‌వాడీలోనే గర్భిణికి పూట భోజనం, గుడ్డు, పాలు అన్నారు. ప్రభుత్వం మారింది, అన్న అమృతహస్తమైంది. మళ్లీ మారింది, 2020లో వైఎస్సార్ సంపూర్ణ పోషణ అయింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, మళ్లీ పేరు మారింది. గోడ మీద రంగు మారింది, సంచి మీద బొమ్మ మారింది. చూలాలి ఒంట్లో రక్తం మాత్రం పెరగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. కృష్ణ దాటితే అటు తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి మొదలైంది. అక్కడా కేంద్రానికి వచ్చి తినాలన్నదే పద్ధతి. కూలి మానుకుని రాలేని తల్లి కష్టం రెండు గట్ల మీదా ఒక్కటే.

అసలు ఇది ఏ నాయకుడి దయా కాదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల వరకూ, ఉచిత భోజనం హక్కు. రోజుకు 600 క్యాలరీలు, 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు అందాలని అదే చట్టం లెక్క కట్టింది. ఆ లెక్కకు 2017లో కేంద్రం నిర్ణయించిన ఖర్చు తలకు రోజుకు 9 రూపాయల 50 పైసలు! అందులోనూ సగం రాష్ట్రానిదే. ఒక కోడిగుడ్డు కొంటే చేతిలో మిగిలేదెంత? రాష్ట్రం పైన కొంత కలుపుతుందనుకున్నా, ఢిల్లీ పాలకులు తల్లి ప్రాణానికి కట్టిన వెల అది.

అదే చట్టం కనీసం 6 వేల ప్రసూతి సాయం ఇమ్మంది. 2017లో మాతృవందన పథకం పెట్టి 5 వేలన్నారు, అదీ మొదటి కాన్పుకే అన్నారు. రెండో బిడ్డ ఆడపిల్లయితేనే ఇస్తామని 2022లో సవరించారు. రెండోసారి మగపిల్లవాణ్ని మోసే తల్లికి ఆకలి వేయదా?

సంచి ఇంటికొస్తే సరిపోతుందా?

కేంద్రానికి రాలేకపోతే సరుకులు ఇంటికే ఇస్తున్నాం కదా అంటారు. బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, పాలు ఇస్తున్నారు, కాదనం. కానీ కూలి ఇంట్లో ఆ సంచి ఎవరిది? గుడ్లు పిల్లలు తింటారు, పాలు అత్తగారి టీలో పడతాయి. అందరూ తిన్నాక అడుగంటింది తినడం మన ఇళ్లలో ఆడదానికి నేర్పిన చదువు. నలుగురి పొయ్యి మీదకు ఒక్కరి సరుకు పంపి, పోషణ చేశామని లెక్క రాసుకుంటే ఎవరిని మోసం చేసినట్టు?

ఇది చాలదని 2025 జూలై నుంచి ఫోన్‌లో ముఖం చూపిస్తేనే సరుకన్నారు. బొల్లాపల్లి, వెల్దుర్తి తండాల్లో సిగ్నల్ కోసం చెట్టెక్కమంటారా? వలస వచ్చినవాళ్లను యాప్‌లో మార్చుకునే వీలుందంటారు. చేను గట్టు మీదికి ఆ యాప్ పట్టుకుని ఎవరొచ్చారు?

అంగన్‌వాడీ అక్కలు రాలేదని వాళ్ల మీద నెట్టకండి. 2023 డిసెంబర్ 12న వాళ్లు సమ్మెకు దిగారు. అప్పటికి టీచర్‌కు నెలకు 11,500, ఆయాకు 7 వేలు. నలభై రోజులకు పైగా రోడ్డు మీద కూర్చుంటే, 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అని చట్టం పెట్టినవాళ్లకు, అత్యవసరానికి తగ్గ జీతం ఇవ్వాలని మాత్రం గుర్తు రాలేదు.

వండిన అన్నం చేను దాకా మోయడం కుదరదా? 2021లో ఇంటింటికీ రేషన్ మోయడానికి 9,260 బండ్లు దింపిన రాష్ట్రం ఇది. 2025లో ఆ పని ఆపేసింది. బియ్యానికి దొరికిన బండి గర్భిణి అన్నానికి దొరకదా?

ఉద్యోగ మిత్రులారా! 2017 చట్టం సంఘటిత రంగంలోని తల్లికి 26 వారాల జీతంతో సెలవిచ్చింది. పోరాడి తెచ్చుకున్న హక్కు అది. మీరు తినే కూరలో కారం కోసిన తల్లికి 26 గంటల సెలవైనా ఉందా?

విద్యార్థులారా! ఉద్యమంలో నడిరోడ్డు మీద వంటావార్పు చేసి వచ్చినవాళ్లకల్లా పెట్టాం. పొయ్యి, గిన్నెలు, పది చేతులుంటే అన్నం ఎక్కడైనా ఉడుకుతుందని మనకు తెలుసు. ఈ కోతల కాలంలో, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, అడగాల్సినవి మూడే. ఒకటి: వండిన భోజనం తండాకు, చేను దగ్గరికి రావాలి. రెండు: ఏ ఊరని అడక్కుండా వలస వచ్చిన గర్భిణికి ఆ పూటే పెట్టాలి. మూడు: వండే ఆయాకు, మోసే మనిషికి సరైన కూలి ఇవ్వాలి.

ఇవ్వకపోతే? నరసరావుపేట కలెక్టరేట్ ముందు పొయ్యి పెడదాం. కోతల తల్లులను చాప మీద కూర్చోబెట్టి వడ్డిద్దాం. పుల్లరి కట్టబోమని తిరగబడిన కన్నెగంటి హనుమంతు నేల ఇది. అడుక్కోవడం దీనికి తెలియదు.

ఆ తల్లి తినే ముద్ద ఆమె హక్కు. దాన్ని ఆమె గిన్నెలో వేసేదాకా వదలొద్దు!