కొర్రకు ధర, పేగుకు పీచు

సునాముఖి ఆకు విరేచనానికి మందని మన ఊళ్లలో చాలామందికి తెలుసు. అది పనిచేసే తీరు మాత్రం తక్కువమందికి తెలుసు. ఆకులోని సెన్నోసైడ్లు చిన్నపేగులో దాదాపు ఇంకవు. పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని విడగొట్టాకే అవి మందుగా మారతాయి. ఆకు ఎంత మంచిదైనా లోపల ఆ జీవులు లేకపోతే ఫలితం ఉండదు.

ఆ జీవులకు మేత, మనకు అరగని పీచు. కొర్రలు, సజ్జలు, రాగులు, ఉలవల్లో అది దండిగా ఉంటుంది. పాలిష్ బియ్యంలో చాలా తక్కువ. శింగనమల మెట్టచేలలో వేరుశనగ పెరిగేకొద్దీ కొర్ర తగ్గింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది. పళ్లెంలో సంగటి తగ్గడంలోనూ దానికి పాలుంది.

ఒక జాగ్రత్త. ఇసబ్గోల్ వంటి పీచు కొన్ని మాత్రలను ఒంటికి సరిగా పట్టనివ్వదు. థైరాయిడ్ మాత్ర వాడేవారు రెంటినీ కలిపి వేసుకోకూడదు, ఎంత ఎడం ఉంచాలో డాక్టరును అడగాలి.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కేంద్రం మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్ర లేదు. తక్కువ వానకే సుమారు మూడు నెలల్లో చేతికొచ్చే పంటకు ధర భరోసా లేకపోతే రైతు ఏ ధైర్యంతో విత్తుతాడు?

కొర్రను ఆ జాబితాలో చేర్చాలి. ప్రభుత్వమే కొని రేషన్‌లో, మధ్యాహ్న భోజనంలో ఇవ్వాలి. తవుడు పూర్తిగా పోకుండా దంచే మరలు మండలంలోనే పెట్టాలి. ఇవి మన డిమాండ్లు. వచ్చే ఖరీఫ్‌లోపు ప్రతి గ్రామ కమిటీ వీటిపై తీర్మానం చేసి పంపాలని కోరుతున్నాం.