దొరల ‘మొదటి రాత్రి హక్కు’: నిజమా, కల్పనా?

ఊళ్లో పెండ్లయితే కొత్త పెండ్లికూతురిని ముందు గడీకి పంపాల్సిందేనన్న మాట తెలంగాణ పల్లెల్లో ఉన్నది. అట్లాంటి హక్కే లేదు, అదంతా కట్టుకథ అనే పెద్దమనుషులూ ఉన్నారు. ఏది నిజం?

ఈ తగువు యూరప్‌లోనూ ఉన్నది. మధ్యయుగాల ఫ్రాన్సులో ఇట్లాంటి చట్టం లేదని, తర్వాతివాళ్లు అల్లిన కథేనని చరిత్రకారుడు అలెన్ బురో 1995లో వాదించాడు. కాని స్పెయిన్‌లోని కటలోనియాలో రైతులు తిరగబడ్డాక, 1486లో రాజు ఫెర్డినాండ్ ఇచ్చిన తీర్పు రైతు భార్యతో మొదటి రాత్రి ప్రభువు పడుకోరాదని నిషేధించింది. రైతులకు ఆ బాధే లేకపోతే ఆ నిషేధం ఎందుకు వచ్చినట్టు?

నిజాం రాజ్యంలో దొరకు కాగితం మీద హక్కుతో పనేమున్నది? భూమి ఆయనది. పటేలు, పట్వారీ ఆయన చెప్పుచేతల్లో ఉండేవారు. చాకలి, మంగలి, మాల, మాదిగ కులాలవారంతా గడీకి వెట్టి చేయాల్సిందే. ‘నీ బాంచను, కాల్మొక్తా’ అనే మనిషి తన బిడ్డ కోసం ఎవరి దగ్గర మొర పెట్టుకోవాలి? దొర బిడ్డ అత్తారింటికి పోతుంటే వెంట ఆడపిల్లలను దాసీలుగా పంపేవారని, వారిని ఉంపుడుగత్తెలుగా వాడుకున్నారని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై 1972లో వెలువడిన తన గ్రంథంలో రాశారు. వాళ్లనే ఆడబాపలన్నారు.

అంటే అది ఒక్క పెండ్లిరాత్రి తంతు కాదు, ఏడాది పొడుగునా సాగిన దౌర్జన్యం. ‘శాసనం చూపించు’ అని అడిగేవాళ్లు దీన్నే దాటవేస్తున్నారు. 1946-51 పోరాటంలో సంఘం వెట్టిని ఆపి, భూమి పంచిన ఊళ్లలో దొరలు గడీలు విడిచి పారిపోయారు. భూమి, భయం రెండూ చేజారినంక ఆ ‘హక్కు’ కూడా పోయింది. ఆ పోరాటంలో నడిచిన ఆడవాళ్ల మాటలు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వచ్చాయి.

పాశమైలారం, పటాన్‌చెరు కార్ఖానాల్లో గడీ లేదు. కాని ‘రేపు పనిలోకి రావద్దు’ అనే అధికారం మేస్త్రీకి, కంట్రాక్టరుకు ఉన్నచోట ఆడకూలీ నోరు మూతపడే ప్రమాదం అదే. ఇయ్యాల ఆమెకు 2013 చట్టం ఉన్నది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట యజమాని ఫిర్యాదుల కమిటీ వేయాలి. అంతకు తక్కువైతే, లేదా ఫిర్యాదు యజమాని మీదనే అయితే జిల్లా స్థానిక కమిటీకి పోవచ్చు. కంట్రాక్టు కూలీకీ, ఇండ్లలో పనిచేసే ఆమెకూ ఇది వర్తిస్తుంది. మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. రాయరాకపోతే కమిటీయే సాయం చేయాలి.

చట్టం కాగితం మీదనే ఉంటే కూలీకి ఒరిగేదేమీ లేదు. ఆనాడు ఒంటరి తండ్రి గడీ ముందు నోరెత్తలేకపోయాడు, సంఘం నోరెత్తింది. కూలీ సంఘాలు మీ కార్ఖానాలో కమిటీ ఉన్నదా అని ఇయ్యాలే అడగాలి.