చవక వంట ఖరీదు

"పొదుపుగా సంసారం నడుపుకొచ్చే ఇల్లాలు" అన్న మెప్పు వినపడితే నాకు ఒళ్ళు మండుతుంది. పొదుపంటే గిట్టక కాదు సుమండీ! ఆ మెప్పు చాటున జరిగే దోపిడీ చూసి.

నెలాఖరున నలిగిన నోటొకటి చేతిలో పెట్టి, "నీ చేతిలో ఏముందో గానీ, ఏం చేసినా అమృతమే" అనే మహారాజుల్ని మనం ఎరగమా? పత్రికలు, టీవీలు, ఇప్పుడు సెల్‌ఫోన్లో వచ్చే వంటల వీడియోలు, అన్నిటిదీ అదే పాట. తక్కువ ఖర్చులో కమ్మని భోజనం! ఉప్పెంతో, పప్పెంతో, నూనె ఎన్ని చెంచాలో పూస గుచ్చినట్లు చెబుతారు. వండే మనిషి ఎంతసేపు నిలబడాలో మాత్రం చెప్పరు.

చవకగా, రుచిగా వండటం గొప్ప విద్య. కాదన్నదెవరు? బీరకాయ కూరకైతే, దాని తొక్కు పచ్చడికి. ఆ తొక్కునీ, పచ్చిమిరపకాయల్నీ చెంచాడు నూనెలో మగ్గించి, ఇంత చింతపండు, వేయించిన నువ్వులు చేర్చి నూరితే వేడి అన్నంలోకి ఇంకేం కావాలి? ఉడికిన కందిపప్పు మీద తేరిన కట్టు చారుకి, అడుగున ఉన్న ముద్ద తోటకూరలోకి. గుప్పెడు పప్పు రెండు గిన్నెలవుతుంది. తెలంగాణ ఇళ్ళలో పచ్చిపులుసు ఉందే, మిరపకాయలు కాల్చటానికీ, పోపుకీ తప్ప దానికి పొయ్యితో పనే లేదు. చింతపండు పులుసులో ఉల్లిపాయ ముక్కలు, నలిపిన మిరపకాయలు, ఉప్పు, ఇష్టముంటే కాస్త బెల్లం. ఎండాకాలంలో దాని ముందు విందు భోజనం దిగదుడుపే.

అయితే ఒక్క సంగతి గమనించండి. కూర ఎంత చవకైతే దాని చాకిరీ అంత ఎక్కువ. అరటిదూట కొనండి. డబ్బు పెద్దగా కాదు. ఇంటికి తెచ్చాక పై పట్టలు ఒలవాలి, చక్రాలుగా తరగాలి, తరిగిన కొద్దీ నార వేలికి చుట్టుకుని లాగాలి, నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వెయ్యాలి. మునగాకు పెరట్లో ఊరికే వస్తుంది, రెబ్బ రెబ్బా దుయ్యాలి. చింతచిగురు ఈనెలు ఏరాలి. గోరుచిక్కుడుకి నార తియ్యాలి. గోంగూర ఆకు ఆకూ గిల్లి, ఇసక పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడగాలి. బజారులో మిగిలిన ఆ పది రూపాయలు ఆకాశం నుంచి ఊడిపడలేదండీ. ఆవిడ నడుములోంచి, వేళ్ళ కొసల్లోంచి వచ్చాయి.

నేను బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, లెక్కల మనిషిని కాను. కానీ ఈ లెక్క సర్కారే వేసింది. 2019లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనికి ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చు పెడుతుంటే, చేసే కొద్దిమంది మగవాళ్ళు 97 నిమిషాలు పెట్టారు. 2024లో మళ్ళీ లెక్కిస్తే 289, 88 అని తేలింది. ఆవిడకు పది నిమిషాలు తగ్గితే, పాపం ఆయనకూ తొమ్మిది తగ్గాయి!

1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చింది. మంచి పని. పేదింట అన్నం ఉడికింది. కానీ ఆ అన్నం గొంతు దిగటానికి పక్కన ఏదో ఒకటి చేసే భారం ఇల్లాలి మీదే మిగిలింది. దానికి ఏ రేషను కార్డూ లేదు.

ఇక రెండో ఖర్చు ఆవిడ కంచంలో ఉంది. కూర చాలకపోతే ఎవరికి తగ్గుతుంది? అందరికీ వడ్డించి, గిన్నె అడుగు గోకి, మజ్జిగా ఊరగాయతో కానిచ్చేదెవరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సగానికి మించే. కారణాలు చాలా ఉండొచ్చు. కడపట కూర్చుని మిగిలింది తినటం అందులో ఒకటి కాదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

"ప్రేమగా వండిపెట్టేదానికి కూడా లెక్కలా?" అంటారు కొందరు. బావుంది. ప్రేమే అయితే, ఆ దూట దగ్గర తమరూ ఓ పీట వేసుకుని కూర్చోవచ్చుగా? వంట మగవాడికి రాని విద్యా? నలుడూ భీముడూ ఎవరు? పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పేది ఎక్కువగా ఎవరు? డబ్బు ముట్టే చోట మగవాడి పని, ఊరికే చేసే చోట ఆడదాని ధర్మం! ఇదీ మన నీతి.

కనక నేను కోరేది పొదుపు మానమని కాదు. ఆ విద్య ఇంటిల్లిపాదీ నేర్వాలని. కూతురికి నేర్పేటప్పుడే కొడుక్కీ నేర్పండి. ఆకుకూర కట్ట కొనుక్కొచ్చిన చెయ్యే దాన్ని బాగు చెయ్యటం కూడా నేర్చుకోవాలి. వడ్డన మొదలు పెట్టకముందే వండిన మనిషి వాటా విడిగా తీసి ఉంచండి, లేదా అందరూ ఒక్కసారే కూర్చోండి.

"ఇంత డబ్బులో నలుగురికి భోజనం" అని రాసే అమ్మలూ అయ్యలూ! ఆ పక్కనే ఎన్ని గంటలు, ఎన్ని చేతులు అన్నది కూడా రాయండి. ఆ నలుగురిలో వండిన మనిషి ఉందో లేదో చూసుకోండి.